ముందే తీర్చిన మొక్కు

మా బావ అసిరయ్య ఒంటి చెప్పుతో ఇంటికి రావడం మొదలుపెట్టినప్పుడు మా అక్క చిలకమ్మ ముందుగా సారాని అనుమానించింది. రెండోసారి నన్ను అనుమానించింది. బావని సారా దుకాణం వైపు నడిపించగల సమర్థుణ్ణి ఆ చుట్టుపక్కల నేనొక్కణ్ణేనని ఆవిడ నమ్మకం. మూడోసారి బర్మామైన్స్ బజారులో ఎడంకాలి చెప్పు జారిపోతే కిరాణా కొట్టతను దాన్ని కాగితంలో చుట్టి ఇంటికి పంపించాడు. బావకి చెప్పు జారిన సంగతే తెలీదు. కాలికి చెప్పుందో లేదో తెలియకుండా ఎలా నడిచావని అక్క నిలదీస్తే, పదిహేడేళ్ళు వచ్చేదాకా చెప్పు మొహం చూడని కాలికి ఆ మాత్రం పరాకు ఉంటుందిలే అన్నాడు.

అతనిది నరసన్నపేట దగ్గర పల్లె. పదిహేడో ఏట ఒక మేస్త్రీ వెంట టాటానగర్‌లో రైలు దిగి, కార్ఖానా పనులు చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర రిగ్గరుగా కుదిరాడు. రిగ్గరంటే తాళ్ళూ గొలుసులూ కప్పీలూ భుజాన వేసుకుని, మామూలు మనిషి తలెత్తి చూడ్డానికే జంకే ఎత్తుకి ఎక్కి, ఇనప దూలాలని వాటి వాటి చోట్లలో కూర్చోబెట్టే మనిషి. ఆ పనిలో పాతికేళ్ళు గడిచాయి. పైనుంచి చూస్తే ఎంత పెద్ద ఆఫీసరైనా ఒక బట్టతలగానే కనిపిస్తాడనీ, అందుకే తనకి ఎవరన్నా భయం కలగదనీ చెప్పేవాడు. ఆ మాట నిజమే. భయపడాల్సిన వాళ్ళ దగ్గర కూడా అతను భయపడకపోవడం వల్ల రెండుసార్లు మేస్త్రీ పదవి చేతిదాకా వచ్చి జారిపోయింది.

నా పేరు సూర్యం. టాటానగర్ స్టేషన్లో పార్సిల్ ఆఫీసు గుమాస్తాని. కాపురం బాగ్‌బేరాలో రైల్వే క్వార్టరు. బావని వెక్కిరించే హక్కు బావమరిదిగా నాకు పుట్టుకతో వచ్చింది. ఆ హక్కు వాడుకోవడానికే వారానికి మూడుసార్లు రైలు పట్టాలు దాటి బర్మామైన్స్ వెళ్ళేవాణ్ణి.

ఎనభయ్యో సంవత్సరం విశ్వకర్మ పూజ నాడు బావ పడ్డాడు. ఆ ఒక్క రోజూ ఇళ్ళల్లో వాళ్ళని కూడా పనిచోటికి రానిస్తారు కనక నేనూ అక్కా అక్కడే ఉన్నాం. గొలుసులకీ కప్పీలకీ బొట్లు పెట్టారు. హారతి అయింది. బావ ప్రసాదం దొన్నె పట్టుకుని పందిరి అరుగు దిగుతూ, రెండే రెండు మెట్ల మీద నుంచి బోర్లా పడ్డాడు. రెండు వందల అడుగుల ఎత్తున పాతికేళ్ళు పడనివాడు రెండు మెట్ల దగ్గర పడ్డాడని తోటివాళ్ళంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వినవాడు బావే. నేను లేవదీయబోతే, పంచె పైకి జరిగి ఎడం పిక్క కనిపించింది. చర్మం కింద చీమలు బారు కట్టినట్టు కండ దానంతటదే సన్నగా కదులుతోంది. ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందని అడిగాను. రెండు నెలలుగా ఉచితంగా సినిమా చూస్తున్నానన్నాడు.

మా అక్క నవ్వలేదు. అక్కడికక్కడే కొంగు తల మీద కప్పుకుని సింహాద్రి అప్పన్నకి మొక్కేసింది. ఇది ఏ జబ్బూ కాదని తేలితే తన మొగుడు అప్పన్న కొండ వెయ్యి మెట్లూ సొంత కాళ్ళతో ఎక్కుతాడు, వెనకాలే తను మెట్టు మెట్టుకీ పసుపు రాసి కుంకం బొట్టు పెడుతుంది. ఇదీ మొక్కు. బావ ప్రసాదం చేతులు దులుపుకుంటూ విన్నాడు.

"మొక్కింది నువ్వు, ఎక్కేది నానా?" అన్నాడు.

మెట్టు మెట్టుకీ నడుం వంచేది ఎవరని అక్క అడిగింది. 

ఊళ్ళో పెద్దాసుపత్రి డాక్టరు చిన్న సుత్తితో మోకాళ్ళ మీద కొట్టి చూశాడు. కుడికాలు మర్యాదగా లేచింది. ఎడంకాలు దానికి రెండింతలు ఎగిరింది. బావ అది తన గొప్పే అనుకున్నాడు. డాక్టరు మొహం చూసిన నేను అలా అనుకోలేకపోయాను. కలకత్తా వెళ్ళమని కాగితం రాసిచ్చాడు. అక్టోబరు మొదట్లో నేనూ బావా స్టీల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్ళాం. అక్కడ కాళ్ళల్లోనూ చేతుల్లోనూ సూదులు గుచ్చి, వాటికి తీగలు కలిపి ఒక మిషన్లో పెట్టారు. బావ కండ బిగిస్తే మిషన్లోంచి రేకుల మీద వాన పడ్డ చప్పుడొచ్చింది. వెన్నులోంచి నీరు తీశారు. అన్నీ అయ్యాక అక్కడి డాక్టరు నన్ను పక్కకి పిలిచి, మూడు జబ్బుల్లో ఏదో ఒకటి కావచ్చని చెప్పాడు. మొదటిది, వెన్నుపూసల మధ్య నరం నలగడం. ఆపరేషనుతో పోతుంది. రెండోది నరాల వాపు. ఇంజెక్షన్లున్నాయి. మూడోదాని పేరు ఇంగ్లీషులో, అదీ కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు. నేను వదల్లేదు. అది వస్తే కండలు ఒక్కొక్కటే ఎండిపోతాయట, ముందు కాళ్ళూ చేతులూ, తరవాత మాట, ఆఖరికి ఊపిరి. దానికి మందు లేదట. ఈ మూడింటిలో ఏదో పెద్ద ప్రొఫెసరు కాగితాలన్నీ చూసి తేల్చాలి. రిపోర్టు టపాలో మా ఊరి డాక్టరుకి పంపిస్తారు.

మూడోదాని సంగతి దాచాలనే అనుకున్నాను. ఖరగ్‌పూర్ వచ్చేసరికి బావ నా నోట్లోంచి దాన్ని లాగేశాడు. ఎత్తు మీద పనిచేసేవాడికి కిందనున్నవాడి మొహం చదవడం రాకపోతే పిండమైపోతాడు, నా మొహం పెద్దచ్చరాల పుస్తకం అన్నాడు.  ఇంటికెళ్ళాక అక్కకి తనే చెప్పాడు. ఆ రోజు నుంచీ మా ఇళ్ళల్లో దాన్ని ఇంగ్లీషు పేరుతో ఎవరూ పిలవలేదు. "మూడోది" అంటే చాలు, అందరికీ తెలిసేది.

నెల రోజుల్లో రిపోర్టన్నారు. ఈలోగా కలకత్తాలో దుర్గాపూజ వచ్చింది. డాక్టర్లు, గుమాస్తాలు, టపా బంట్రోతులు అందరూ పందిళ్ళలోకి వెళ్ళిపోయారు. అమ్మవారు నీళ్ళలోకి దిగేదాకా ఎవరి నరాల సంగతీ తేలదని అర్థమైంది. కాంట్రాక్టరు బావని పైకి ఎక్కనివ్వకుండా నేల మీద తాళ్ళు చుట్టే పనిలో కూర్చోబెట్టాడు. అతను పైకి చూస్తూ కూర్చునేవాడు. జబ్బుకంటే అదే ఎక్కువ బాధ పెట్టిందని నేను అనుకుంటాను.

బావ ఉండే ఇళ్ళ వరసలో వాళ్ళకి మాత్రం ప్రొఫెసరుతో పనిలేకపోయింది. ఒకరు వాతం అన్నారు, ఒకరు చేతబడి అన్నారు, ఇంకొకరు చలిలో ఇనుము ముట్టుకున్న దోషమన్నారు. పక్షవాతానికి పావురం మాంసమే మందని పక్కింటి భద్రమ్మ రెండు పావురాల్ని కాళ్ళు కట్టి తెచ్చి ఇచ్చింది. తనది పక్షవాతం కాదని బావ చెప్పి చూశాడు. ముందు తిను, కాదో అవునో తరవాత చూసుకోవచ్చని ఆవిడ అంది. బావ వాటి కాళ్ళకి కట్టిన దారం విప్పి, నడకలో తనకంటే నయంగా ఉన్నాయని మెచ్చుకుని నూకలు వేశాడు. అవి ఇంటి చూరు మీద కాపురం పెట్టాయి. భద్రమ్మ పది రోజులు మాట్లాడలేదు.

అలాంటి రోజుల్లోనే బావకి ఆ ఆలోచన వచ్చింది. రిపోర్టు రాకముందే మొక్కు తీర్చేస్తానన్నాడు.

మా అక్క చేతిలో చేట కింద పెట్టేసింది. మొక్కంటే కోరిక తీరాక తీర్చేదే తప్ప ముందు తీర్చేది కాదంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందని నేను కూడా ఆవిడకే వంత పాడాను. బావ వినలేదు. వాళ్ళ కూతురు గౌరీదేవి కాలేజీ పుస్తకంలోంచి తలెత్తి, "రిపోర్ట్ ఆయా నహీ, ఔర్ ఆప్ దోనో లడ్ రహే హై" అని, రిపోర్టే రాకుండా ఈ దెబ్బలాటేమిటన్నట్టు విసుక్కుని మళ్ళీ తల దించుకుంది. తగువు తీర్చమని ముగ్గురం కలిసి గోవిందరావు గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన రిటైరైన గూడ్సు గార్డు. శనివారాలు రామమందిరంలో పురాణం చెబుతారు. దేవుడి సంగతులు రైల్వే రూల్సు ప్రకారం వివరించడం ఆయన పద్ధతి. కోరిక తీరడం సిగ్నలు పడడం లాంటిదనీ, మొక్కు చెల్లించడం బండి కదలడం లాంటిదనీ, సిగ్నలు పడకుండా బండి కదిలిస్తే అది నేరమనీ తీర్పు చెప్పారు. అక్క గెలిచినట్టు చూసింది.

బావ ఆయన వైపు తిరిగి అడిగాడు. 

"సిగ్నలు పడేదాకా ఇంజన్లో ఆవిరి ఉంతాదేటి, గార్డు బాబూ?"

గోవిందరావు గారు కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు. ఆ రూలు తను చదువుకున్న పుస్తకంలో లేదన్నారు.

దారిలో అక్క ఏడుస్తూనే దెబ్బలాడింది. "ముందే ఎక్కీసినావంటే ఇంక ఎక్కనేనని నువ్వే ఒప్పీసుకున్నట్టు. నువ్వు ఒప్పుకున్నా నాను ఒప్పుకోను మావా" అంది. అప్పటికి గానీ ఆవిడ కోపం దేని మీదో నాకు బోధపడలేదు. వెయ్యి మెట్లు ఎక్కాల్సి ఉన్నంతకాలం ఆ కాళ్ళు ఉండి తీరతాయని ఆవిడ ధైర్యం. బావ ఆ బాకీని తీర్చేస్తానంటున్నాడు.

అతని వైపు మాట నాకు ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పాడు. "మంచిదొత్తే మల్లీ ఎక్కుతాను సూర్యం. సెడ్డదొత్తే ఎక్కినోణ్ణవుతాను. ఏదొచ్చినా నాకు ఎక్కడమే కావాల." ఇద్దరిలో ఎవరిది తప్పో తేల్చడం నా వల్ల కాలేదు. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది, ఇద్దరి మీదా జాలి వేసింది. ఇంటికెళ్ళి నా పెళ్ళాం మీద విసుక్కున్నాను.

సింహాచలం వెళ్ళడం మాత్రం కుదర్లేదు. కలకత్తా నుంచి ఏ క్షణాన్నైనా పిలుపు రావచ్చు, ఊరు కదలొద్దని డాక్టరు చెప్పాడు. సరే, పీడ వదిలిందని నేను నా పార్సిళ్ళ గొడవలో పడ్డాను. మూడో రోజు పొద్దున్న డ్యూటీకి వెళుతుంటే, పట్టాల మీది ఓవర్‌బ్రిడ్జి మెట్ల దగ్గర జనం తప్పుకుని తప్పుకుని నడుస్తున్నారు. చూస్తే ప్రతి మెట్టు అంచునా పసుపు, దాని మీద ఒక వంకర బొట్టు. పైన మా బావ. ఒక చేత్తో కమ్మీ, రెండో చేతిలో పసుపూ కుంకం ఉన్న సత్తు పళ్ళెం. ఎడం పాదాన్ని నడుం దగ్గర్నుంచి ఊపి మెట్టు మీదికి విసిరి, అది నిలబడ్డాక కుడి పాదం ఎక్కిస్తున్నాడు.

ఒక్కో వైపు నలభై మెట్లు, ఇరవై అయిదుసార్లు ఎక్కితే వెయ్యి, రోజుకి మూడు నాలుగుసార్లు ఎక్కుతానని లెక్క చెప్పాడు. అప్పన్న సింహాచలంలో ఉంటే టాటానగర్ స్టేషన్లో ఎక్కడమేమిటని అడిగాను.

"పైనుంచి సూసేవోడికి కింద ఏ మెట్టైనా ఒకటే. నాను పాతికేళ్ళు పైనుంచి సూసినోణ్ణి, నాకు తెల్సు" అన్నాడు.

దీనికి ఏ దేవుడు మాత్రం ఎదురు చెప్పగలడు.

బావ లెక్కలో లేనిది జనం భక్తి. మొదటి రోజు మధ్యాహ్నానికి ఎవరో మార్వాడీ ఆవిడ అయిదో మెట్టు మీద మందారప్పువ్వు పెట్టి వెళ్ళిందట. రెండో రోజు అగరొత్తులు వెలిగాయి. మూడో రోజు ఇరవయ్యో మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టారు. బండి అందుకోవాలని పరిగెత్తేవాళ్ళు కూడా బొట్టు తొక్కకుండా గంతులేస్తూ పరిగెత్తారు. మా పెద్దగుమాస్తా నన్ను పిలిచి, బ్రిడ్జి మీద వెలసిన దేవుడెవరో కనుక్కుని మెట్లు కడిగించమన్నాడు. దేవుడు నా బావేనని నేను చెప్పలేదు. ఊడ్చే అతన్ని బకెట్టుతో తీసుకెళ్ళాను. అతను ఒకసారి మెట్లకేసి చూసి, బకెట్టు నా చేతికిచ్చి, "పాప్ ఆప్ లీజియే, బాబూ" అని ఆ పాపం నాకే అంటగట్టి వెళ్ళిపోయాడు. ఆ నీళ్ళు నేను పార్సిల్ ఆఫీసు గుమ్మంలో పోసి వచ్చేశాను.

ఈ కబురు కూరల బజారులో తిరిగి తిరిగి మా అక్క దగ్గరికి వచ్చేసరికి దానికి బాగా కండ పట్టింది. బ్రిడ్జి మీద రాత్రికి రాత్రే ఒక శక్తి వెలిసిందనీ, కాళ్ళ జబ్బులు ఇట్టే తీసేస్తోందనీ భద్రమ్మ చెప్పింది. నాలుగో రోజు మా అక్క తలంటుకుని, కొత్త చీర కట్టుకుని, కొబ్బరికాయ, అరటిపళ్ళు, కర్పూరం పట్టుకుని, మొగుడి కాలు నయం చెయ్యమని వేడుకోవడానికి ఆ శక్తి దగ్గరికి వచ్చింది. నేను పార్సిల్ ఆఫీసు కిటికీలోంచి చూసి, కాగితాలు వదిలేసి పరిగెత్తాను. నేను చేరేసరికి ఆవిడ పది మెట్లు దణ్ణం పెట్టుకుంటూ ఎక్కింది. పదకొండో మెట్టు మీద దణ్ణం పెట్టి తలెత్తితే ఎదురుగా శక్తి బీడీ కాలుస్తూ కూర్చుని ఉంది.

నేను చెవులు మూసుకోవడానికి సిద్ధపడ్డాను. అక్క అరవలేదు. కొబ్బరికాయ కింద పెట్టింది. మొగుడి మొహం చూసింది, పాదం చూసింది, బొటనవేలు మెట్లకి కొట్టుకుని కట్టిన నెత్తురు చూసింది. ఆ తరవాత అతని పక్కనున్న బొట్టు చూసింది. ఇరవై రెండేళ్ళుగా గడప మీద ఏ రోజూ చెదిరిన బొట్టు పెట్టని మనిషి.

"ఇదేటి, బొట్టా? నల్లిని నలిపినట్టుంది" అంది.

కొంగుతో దాన్ని తుడిచేసి, సత్తు పళ్ళెం లాక్కుని, పసుపు రాసి, మధ్యవేలితో గుండ్రంగా బొట్టు పెట్టింది. కిందకి దిగి మొదటి మెట్టు నుంచి అన్నీ తుడిచి మళ్ళీ పెట్టుకుంటూ వచ్చింది. మొక్కు ముందే తీర్చడానికి ఒప్పుకున్నానని ఆవిడ ఆ రోజూ అనలేదు, ఆ తరవాతా అనలేదు. మర్నాటి నుంచి మాత్రం బావ ఎక్కుతుంటే రెండు మెట్లు కింద పళ్ళెంతో ఆవిడ ఉండేది. అతను ఆయాసపడితే ఆగేది. ఎవరో బిహారీ ముసలాయన ఇద్దరికీ కలిపి దణ్ణం పెడితే, ఇద్దరూ ఒకేసారి చెయ్యెత్తి దీవించారు. ఏడు రోజులకి వెయ్యి పూర్తయింది. ఆ రోజు బావ బ్రిడ్జి మీద నిలబడి, కింద వెళుతున్న గూడ్సు బండి గార్డుకి కూడా ప్రసాదం విసిరాడు.

రిపోర్టు నవంబరు సగంలో వచ్చింది. మా ముగ్గురినీ కూర్చోబెట్టి డాక్టరు నాలుగు కాగితాలూ చదివాడు. మొదటిది కాదన్నాడు. మిగిలిన రెండింటిలో ఏదో ఇప్పుడే చెప్పలేమట. ఆరు నెలలాగి మళ్ళీ సూదులు గుచ్చి చూస్తే, జబ్బు ఎటు నడుస్తోందో తెలుస్తుందట. పాసా ఫెయిలా అని బావ అడిగాడు. రిజల్టు ఆపారని డాక్టరు చెప్పాడు. ఆయన మంచివాడు, నవ్వకుండానే చెప్పాడు.

అన్నాలకి మా క్వార్టరుకి వచ్చారు. నేను ఆ రోజు సెలవు పెట్టాను. మంచి వార్తకని ఒక రకం కూరా, చెడ్డ వార్తకని మరో రకం కూరా మా ఇంట్లో అనుకోలేదు కనక, వంకాయ కూరే వండారు. బావ బాగానే తిన్నాడు. అక్క కొంచెం కెలికి లేచింది. ఎండ తగ్గాక ఇద్దరూ బర్మామైన్స్‌కి బయల్దేరితే బ్రిడ్జి దాటేదాకా వస్తానని నేనూ లేచాను. షిఫ్టు మారే వేళ, బ్రిడ్జి నిండా జనం. అక్క చేతిలో పళ్ళెం లేదు, సంచి ఉంది. బావ ముందు, ఆవిడ వెనక, ఆవిడ వెనక నేను ఎక్కుతున్నాం.

సగం మెట్ల దగ్గర బావ ఆగాడు. ఎడం పాదాన్ని విసిరాడు. అది మెట్టు అంచుకి తగిలి వెనక్కి వచ్చేసింది. మళ్ళీ విసిరాడు. మళ్ళీ వచ్చేసింది. మూడోసారి పాదం లేవనే లేదు. కమ్మీని రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నెల కిందట ఆ కాలు ఇవే మెట్లు వెయ్యి ఎక్కిందని మా ముగ్గురికీ తెలుసు. ఏదో ఒక వెటకారం వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి మా బావ మొహంలో భయం చూశాను. జబ్బ పట్టుకుందామని చెయ్యి చాపితే అక్క నా చేతిని పక్కకి తోసేసింది. తను ఒక మెట్టు ఎక్కి అతని పక్కన నిలబడి, అదే కమ్మీ మీద అతని చేతి పక్కన చెయ్యి వేసింది.

"ఆగు మావా, తొందరేటి? ఆర్నెల్లుంది" అంది.

బావ ఆవిడకేసి తిరిగి చూశాడు. ముందు పెదాలు కదిలాయి, తరవాత భుజాలు కదిలాయి, ఆఖరికి ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. నేను కింద మెట్టు మీద కూలబడి ఏడ్చాను. ఆ కాలు మళ్ళీ లేచేదాకా షిఫ్టు జనమంతా మమ్మల్ని తప్పుకుని ఎక్కారు.